రెండూ ఎడమ చేతులే

జూన్ 3

ఇది పాత కొలతల పుస్తకం. మొదటి నలభై పేజీల్లో జనాల నడుములు, భుజాలు ఉన్నాయి. మిగిలినవన్నీ తెల్ల కాగితాలు. వాటిలో నా గోడు రాసుకుంటాను. ఎవరూ తెరిచి చూడరు. ఇందులో కొలతలిచ్చినవాళ్ళంతా ఎప్పుడో లావైపోయారు.

పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుండగా చెల్లి చెప్పింది, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రానని. మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన పెద్ద బట్టల షాపులో చేరుతుందట. ముప్పైమంది టైలర్లట. ఏసీ అట. వెళ్ళమ్మా వెళ్ళు, నిన్నెవరు ఆపారు అన్నాను. అన్నాక షట్టర్ సగంలో వదిలేశాను, అది కిందికి జారి నా నెత్తికే తగిలింది.

ఇదంతా హెడ్మిస్ట్రెస్ గారి నీలం కోటు వల్ల వచ్చింది.

నా డైరీలో నేను నిజమే రాసుకోవాలి కదా. ఆ కోటుకి చేతులు కోసేటప్పుడు గుడ్డ కలిసొస్తుందని మడత విప్పేసి, ఒక్కో చెయ్యి విడిగా కోశాను. రెండోది కోసేటప్పుడు చెయ్యి నమూనా కాగితం తిరగేసి పెట్టాలి. పెట్టలేదు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. ఇరవై ఆరేళ్ళుగా కత్తెర పడుతున్నాను, ఒక్కసారి పొరపాటు జరగదా? (రెండోసారి. మొదటిసారి లెక్కలోకి రాదు, అప్పుడు నాకు జ్వరం.) ఆ రంగు గుడ్డ మళ్ళీ దొరకదు. చెల్లి ఒక్క మాట అనలేదు. ముక్కల సంచీ అంతా గాలించి, చంక కింద అతుకేసి, కుడి చెయ్యి తయారుచేసింది. భూతద్దం పెట్టినా ఎవరి కంటికీ ఆనదు.

నిన్న హెడ్మిస్ట్రెస్ గారు ఆ కోటు వేసుకునే వచ్చారు. బోర్డు మీద పైదాకా చెయ్యెత్తి రాసినా చంక పట్టేయడం లేదట, ఇంత హాయైన కోటు ఈ జన్మలో తొడగలేదట. చంక దగ్గర ఇలా వదులు ఇవ్వాలనే ఆలోచన ఎవరిదమ్మా అన్నారు.

నాదే అన్నాను.

అంతే. చెల్లి మూడడుగుల దూరంలో ప్యాంటు అంచు కుడుతోంది. దానికి వినపడాలని అనలేదు, మామూలుగానే అన్నాను. నా మామూలు గొంతే అంత.

నాన్న పోయేముందు కత్తెర నాకిచ్చాడు, మెషిన్ దానికిచ్చాడు. నేను కోస్తాను, అది కుడుతుంది. మెషిన్ మీద నేను చెయ్యి వెయ్యను, కత్తెర మీద అది చెయ్యి వెయ్యదు. షాపుకి ‘అక్క టైలర్స్’ అని పేరు పెట్టి పద్నాలుగేళ్ళయింది. ఇందులో ఎవరికి ఏం తక్కువైందో నాకు బొత్తిగా అర్థం కావడం లేదు.

జూన్ 4

అది నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నేనే ఎక్కువ మాట్లాడలేదు.

జూన్ 5

మా ఆయనతో పందెం కాశాను.

ఆయన బస్ డిపోలో టైమ్ కీపర్. ఇంట్లో కూడా బస్సులు వచ్చేదీ పోయేదీ చూసినట్టే నన్ను చూస్తారు. ఒక్కసారి మీ చెల్లెలి వైపు నుంచి ఆలోచించి చూడు అన్నారు. దాని వైపు నుంచి చెప్పినా న్యాయం నాదే అవుతుంది, కావాలంటే రుజువు చేస్తాను అన్నాను. ఫోన్లో ఆడవాళ్ళ గ్రూపు ఒకటుంది. పేరు చెప్పకుండా ఇంటి గొడవ రాస్తే చాలు, వేలమంది తీర్పులు చెప్తారు. అందులో చెల్లి నోటితోనే రాస్తాను, అయినా పదిమందిలో తొమ్మిదిమంది అక్కదే న్యాయం అనకపోతే నెల్లాళ్ళు అంట్లు నేనే తోముతాను అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అంత వెంటనే ఒప్పుకోవడం నాకు నచ్చలేదు.

రాశాను. ‘చిన్నది’ అని పేరు పెట్టుకున్నాను. ఎవరూ పోల్చుకోకుండా టైలరింగు తీసేసి బూట్ల షాపు చేశాను. అక్క తోలు కోస్తుంది, చెల్లి కుడుతుంది. అక్క రెండూ ఎడమ కాలి బూట్లే కోసింది. చెల్లి అతుకేసి కుడి బూటు చేసింది. ఆ బూట్లు తొడుక్కున్నావిడ గాల్లో నడిచినట్టుంది, ఎవరిదీ ఆలోచన అంటే అక్క నాదే అంది. ఒక్క ముక్క దాచలేదు. దాస్తే అదేం గెలుపు?

“మా అక్క మంచిదే గానీ” అని మొదలుపెట్టాను. చెల్లి ఎప్పుడూ అలాగే మొదలుపెడుతుంది. దాని గొంతు నాకు కంఠతా వచ్చు కనక చకచకా సాగిపోయింది. చదువుకుంటే ఒకచోట నాకే కళ్ళ నీళ్ళు తిరిగాయి. రాయడంలో కూడా నాకు ఇంత చెయ్యి ఉందని ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు.

జూన్ 6

పళ్ళు తోముకుంటూ చూస్తే నలభై ఒక్క కామెంట్లు. మధ్యాహ్నానికి రెండు వందల పన్నెండు. అందరూ చెల్లి పక్షమే. అందరూ. మొదట గ్రూపులోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

ఒకావిడ రాసింది, “చెల్లీ, నీ అక్కకి ఉన్నది నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్. మా అత్తగారికీ ఇదే.” దాని కింద ఎనభైమంది అవునవునన్నారు. అంటే తన్ను తాను తప్ప ఇంకొకళ్ళని చూడలేని మనిషట. పొగడ్త లేనిదే పొద్దుపోని మనిషట. ఎదుటివాళ్ళ పని తనదని చెప్పుకునే మనిషట. ఒకామె పేరు ముందు డాక్టర్ అని ఉంది. వెళ్ళి చూస్తే పశువుల డాక్టరు. ఆమె ఒక్కతే, మనిషిని చూడకుండా చెప్పలేం అని ఆచితూచి రాసింది.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ రెండు వందల పన్నెండుమంది! ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంట్లో పనులు మానుకుని నా గురించే మాట్లాడుకుంటున్నారు. రోజంతా నా కాళ్ళు నేలమీద ఆనలేదు. పాట పాడుకుంటూ మూడు ప్యాంట్లు కోశాను. సాయంత్రం అంట్లు కూడా పాట పాడుకుంటూనే తోమాను.

జూన్ 7

ఎవరో తొమ్మిది ప్రశ్నలు పెట్టారు. అయిదు దాటితే ఆ జబ్బు ఉన్నట్టేనట.

నాకు తొమ్మిదికి తొమ్మిది వచ్చాయి. బళ్ళో ఏనాడూ పూర్తి మార్కులు రాలేదు నాకు. పరుగెత్తుకెళ్ళి మా ఆయనకి చెప్తే పేపర్లోంచి తల ఎత్తకుండానే, “ఎనిమిదొస్తే ఆశ్చర్యపోయేవాణ్ణి” అన్నారు.

ఏడో ప్రశ్న, జనం మీ గురించి మాట్లాడుకుంటుంటే సంతోషపడతారా అని. ఎవరు పడరు? పడనన్నవాళ్ళు అబద్ధాలకోరులు, వాళ్ళకి ఇంకో జబ్బేదో ఉండి తీరాలి. ఇప్పుడు నాకు అందరి జబ్బులూ తెలిసిపోతున్నాయి. మా ఆడపడుచు ముభావం అనుకునేదాన్ని, దానికీ ఒక పేరుంది. పేపరు వేసేవాడు గేటు మీంచి విసిరేసి వెనక్కి చూడకుండా పోతాడు, దానికీ ఉంది. ఎదురింటావిడకి రెండున్నాయి.

చెల్లి ప్యాంట్లు కుడుతోంది. దానికి ఏ పేరూ దొరకలేదు. చాలాసేపు వెతికాను.

జూన్ 8

ఆదివారం. ఊరుకుంటే అక్క పరువు ఏమవుతుంది? ‘తటస్థురాలు’ అని ఇంకో పేరుతో దిగాను. ఆ అక్క చాలా పనిమంతురాలై ఉంటుంది, ఆమె కత్తెర లేనిదే ఆ కుట్టు ఎక్కడిది, ఆమె వైపు కూడా వినాలి కదా అని చాలా పెద్దమనిషి తరహాలో రాశాను.

పదకొండు నిమిషాల్లో ఒకావిడ, “ఈ తటస్థురాలు ఆ అక్కే అయ్యుంటుంది” అంది. ఫోను తీసుకెళ్ళి దుప్పట్ల కింద పెట్టి, దాని మీద కూర్చున్నాను. ఎంతకీ నవ్వాగదు. మా ఆయన వచ్చి చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు.

జూన్ 10

కొంప మునిగింది అనుకున్నాను. మునగలేదు.

కాజాల బాబాయి నాన్న కాలం నుంచీ మా దగ్గర కాజాలు కుట్టి, గుండీలు వేస్తాడు. డెబ్భై ఏళ్ళు. కొడుకు కొనిచ్చిన ఫోన్లో అక్షరం అక్షరం కూడబలుక్కుని ఏదో ఒకటి పైకి చదువుతాడు. ఇవాళ ఆ బూట్ల షాపు కథ చదివాడు! పిన్ని గ్రూపులోంచి ఆయనకి పంపిందట. రెండూ ఎడమకాలివే కోసిందట అని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇలాంటి అక్కలు కూడా ఉంటారా పెద్దమ్మాయ్?” అన్నాడు.

ఉంటారు బాబాయ్, లోకం పాడైపోయింది అన్నాను. నా మొహం ఎంత మామూలుగా పెట్టానంటే నన్ను నేనే మెచ్చుకున్నాను.

చెల్లి మెషిన్ ఒక్క క్షణం ఆగింది. దారం తెగినట్టుంది. మళ్ళీ నడిచింది. దానికేం తెలుస్తుంది, అది బూట్ల షాపు కదా.

జూన్ 12

గ్రూపులోవాళ్ళు ‘చిన్నది’ని రోజూ పలకరిస్తున్నారు. తిన్నావా చెల్లీ, ఇవాళ ఏమైనా అందా చెల్లీ, ధైర్యంగా ఉండు. ఎంత మంచివాళ్ళో. నన్ను ఎవరూ చెల్లీ అని పిలవలేదు ఎప్పుడూ. పుట్టిందగ్గర్నుంచీ అక్కనే. పిలిపించుకుంటే హాయిగా ఉంది.

ఒకావిడ అడిగింది, ఇన్నేళ్ళలో మీ అక్క మీకంటూ ఒక్క జత బూట్లు చేసిచ్చిందా అని. చెయ్యకేం అని రాయబోయాను. ఆగాను. చెల్లి వేసుకునేవన్నీ మిగిలిన ముక్కలతో తనే కుట్టుకుంటుంది. నేను దానికి ఒక్కటైనా కోశానా? గుర్తుచేసుకుంటున్నాను. ఇంకా గుర్తుచేసుకుంటున్నాను.

ఇంకొకావిడ, అన్నిటికంటే నీకు కష్టంగా ఉండేది ఏమిటమ్మా అని అడిగింది. ఆలోచించకుండా రాసేశాను: “తయారైన ప్రతిదాని మీదా అక్క పేరు నేనే కుట్టాలి. రోజుకి ఆరు సార్లు. పద్నాలుగేళ్ళు.”

కాలర్ లోపలో, నడుము పట్టీ లోపలో వేసే చిన్న లేబుల్. ‘అక్క టైలర్స్’. నిజమే, అదే కుడుతుంది.

ఆ మాట నాకెక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. చెయ్యి రాసేసింది.

జూన్ 13

రాయడానికేం లేదు. ఎండగా ఉంది.

జూన్ 16

గ్రూపులో ఒక కొత్త మనిషి. పేరు ‘ఎడమకాలు’. ఫొటో లేదు. మిగతావాళ్ళలా తిట్టదు, ఓదార్చదు, ప్రశ్నలడుగుతుంది. ‘చిన్నది’కి విడిగా రాసింది, “మీ అక్కలో మంచి గుణం ఒక్కటీ లేదా?” అని.

ఇన్నాళ్ళకి ఒక బుద్ధిమంతురాలు దొరికింది. మూడు పేరాలు రాశాను. మా అక్క కంటితో చూసి కొలత చెప్పేస్తుంది, టేపు అక్కర్లేదు. మా అక్క కోస్తే ముక్క వృథా పోదు. మా అక్క ఉంటే షాపు కళకళలాడుతుంది. మా అక్క నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది.

“ఇంకా?” అంది.

ఇంకో రెండు పేరాలు రాశాను.

“ఇంకా?” అంది మళ్ళీ. ఈమెతో ఎంతసేపైనా మాట్లాడవచ్చు.

జూన్ 18

ఎడమకాలు ఇవాళ అడిగింది, మీ అక్క మీకోసం చేసినదేమైనా ఉంటే చెప్పండి, ఆమెకున్న గొప్పలు వద్దు అని.

చాలాసేపు ఆలోచించి, నా వేళ్ళ సంగతి రాశాను. దానికి తొమ్మిదేళ్ళప్పుడు మెషిన్ సూది దాని వేలికి దిగింది. నాన్న ఇంట్లో లేడు. నేను భుజాన వేసుకుని ఆస్పత్రిదాకా పరుగెత్తాను. దారి పొడుగునా ఏడవకు, ఏడిస్తే వేలు ఊడిపోతుంది అని బెదిరించాను. అది ఏడవలేదు. ఆస్పత్రిలో నేనే ఏడ్చాను, నర్సు నాకు కట్టు కట్టబోయింది. అందులో ‘నేను’ని ‘అక్క’ చేసి రాశాను.

(నా వేళ్ళ సంగతి అని ఎందుకు రాశాను? దాని వేలు.)

చాలాసేపటికి జవాబు వచ్చింది. “ఏడిస్తే వేలు ఊడిపోతుందని ఆ పిల్ల పెళ్ళయ్యేదాకా నమ్మి ఉంటుంది.”

చాలా తెలివైన మనిషి. ఎవరో గానీ.

జూన్ 21

పోస్టుకి వెయ్యి దాటాయి.

షాపులో చెల్లి మాట్లాడుతోంది గానీ పని మాటలే. అంచు ఎంత, అస్తరు ఏ రంగు. పద్ధతిగా, కస్టమర్‌తో మాట్లాడినట్టు. ఇంతకంటే తిట్టినా బాగుండేది. ఇంకా తొమ్మిది రోజులు. అది పోదులే.

జూన్ 23

ఇవాళ అందరూ ఒకటే పట్టు. వెళ్ళిపో. ఒకటో తారీఖు దాకా ఆగకు, ఇవాళే వెళ్ళిపో. ఫోన్ నంబరు తీసెయ్. మంచికీ చెడ్డకీ పిలవకు. ఇలాంటివాళ్ళకి ప్రేమ ఉండదు, ఉన్నట్టు నటిస్తారు. ఇలాంటివాళ్ళు మారరు.

తొమ్మిదికి తొమ్మిది అని ఎగిరినదాన్ని, ఈ మాటకి మాత్రం ఎందుకో కత్తెర పక్కన పెట్టేశాను. నటిస్తానా? ఆ రోజు ఆస్పత్రిదాకా నటిస్తూ పరుగెత్తానా? అలా ఎవరైనా పరుగెత్తగలరా, బరువైన పిల్ల అది.

అప్పుడు వెయ్యిమంది కామెంట్ల కింద ఎడమకాలు రాసింది. అందరికీ కనిపించేలా మొదటిసారి.

“ఆవిడకి జబ్బేమీ లేదు. పొగరు. చిన్నప్పణ్ణుంచీ అంతే. మీలో ఎవరికీ ఆవిడ తెలియదు, నాకు తెలుసు. నోరు ముయ్యండి.”

పదిసార్లు చదివాను. పొగరట! ఒళ్ళంతా తేలికపడింది. పొగరు అనే మాట ఇంత తియ్యగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఇంటికి పరుగెత్తి మా ఆయన్ని లేపి చదివి వినిపించాను, మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. ఆయన నా మొహం చూసి, “ఎడమకాలు ఎవరో నీకింకా తెలియలేదా?” అన్నారు.

నాకు తెలియకపోవడమేం?

ఇప్పుడు తెలిసింది.

జూన్ 24

బడికి వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గారి గదిలో ఆ నీలం కోటు కుర్చీకి తగిలించి ఉంది. ఆవిడ తప్ప ఎవరూ లేరు. పోస్టు లేదు, కామెంట్లు లేవు, బాబాయి కూడా లేడు. చూసేవాళ్ళు లేకుండా నేను ఒక మంచి పని చేయడం ఇదే మొదలనుకుంటాను.

అమ్మా, నేను రెండూ ఎడమ చేతులే కోశాను, కోటు చెడగొట్టాను, ఆ ఆలోచన నాది కాదు, మా చెల్లిది అని గబగబా చెప్పేశాను. ఆవిడ కోటు తీసి, చంక కిందికి తిప్పి, అతుకు కోసం వెతికారు. దొరకలేదు. నేను చూపించాను. ఆవిడ దాన్ని వేలితో తడిమి, “అయితే మెచ్చుకోలు వేరేవాళ్ళకి ఇచ్చేశానన్నమాట. ఇప్పుడే వెళ్ళి ఇచ్చొస్తాను” అన్నారు. నిజంగానే లేచారు. నేను ఆవిడ వెనకాల నడుస్తూ ఇది మంచికా చెడుకా అనుకుంటున్నాను.

షాపులో ఆవిడ చెల్లి చెయ్యి పట్టుకుని ఏమేమి అన్నారో నేను వినలేదు. వినకూడదని బయట మెట్టు మీద కూర్చున్నాను. నాలో ఇంత నిగ్రహం ఉందని చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకుంటారు. కొంచెం విన్నాను.

జూన్ 26

బాబాయి టీకి వెళ్ళినప్పుడు చెల్లి మెషిన్ ఆపి, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“బూట్లు అని రాస్తే నాకు తెలియదనుకున్నావా అక్కా? ఈ లోకంలో రెండూ ఎడమవే కోసేది నువ్వొక్కదానివే.”

నేను నవ్వబోయాను. అది నవ్వలేదు.

“ఆ లేబుల్ సంగతి నీకు తెలియదనుకున్నాను. తెలియక చేస్తోంది, పోనీలే పాపం అనుకుని పద్నాలుగేళ్ళు కుట్టాను. నువ్వే రాశావు కదా, రోజుకి ఆరు సార్లని. లెక్కతో సహా. అంటే నీకు తెలుసు.”

ఉన్నదే చెప్పాను. రాసేదాకా నాకు తెలుసని నాకే తెలియదే అన్నాను. నీలా కూర్చుని నీలా రాస్తుంటే వచ్చిందే అన్నాను.

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. నా మొహం ఎలా పెట్టాలో నాకు తోచలేదు, అలాగే వదిలేశాను.

“నమ్ముతాను. అయినా వెళ్తాను” అంది.

మళ్ళీ వెళ్ళి కూర్చుని, ఎవరిదో కోటుకి లేబుల్ కుట్టింది.

జూన్ 28

గ్రూపులో నిజం చెప్పేశాను. ఇది రాసింది చెల్లి కాదు, నేనే ఆ అక్కని, తప్పు నాదే, మీరు చెప్పిందాంట్లో సగం నిజం, క్షమించండి అని.

నాలుగు నిమిషాల తర్వాత కామెంట్లు మొదలయ్యాయి. “చెల్లీ, మీ అక్క నీ ఫోన్ లాక్కుందా?” “అయ్యో, ఇది ఆ అక్క రాయిస్తోంది, భాషే మారిపోయింది.” “క్షమించమనడం కూడా ఆ జబ్బు లక్షణమే.” “చెల్లీ, నువ్వు క్షేమంగా ఉంటే ఒక పువ్వు బొమ్మ పెట్టు.”

పువ్వు బొమ్మ పెట్టాను. ఏం చేయను? మూడువందలమంది ఊపిరి పీల్చుకున్నారు. కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, పోస్టు తీసేశాను. తీసేముందు వాళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాను. మంచివాళ్ళే. నా చెల్లి కోసం అన్నాళ్ళు కొట్లాడారు, నేను ఒక్కరోజూ కొట్లాడలేదు.

జూన్ 30

మెషిన్‌కి నూనె వేసి, గుడ్డ కప్పి వెళ్ళింది.

జూలై 1

షట్టర్ నేనే ఎత్తాను. జాగ్రత్తగా.

జూలై 3

ఏడు ప్యాంట్లు కోశాను. ఏడూ బల్లమీద ముక్కలుగా ఉన్నాయి. కుట్టేవాళ్ళు లేకపోతే నేను కోసినవి బట్టలు కావు, ముక్కలు. బాబాయి ఆ ముక్కలకే కాజాలు కుట్టమంటావా పెద్దమ్మాయ్ అని అడిగాడు. వేళాకోళమే, కానీ సూది చేత్తో పట్టుకునే అడిగాడు.

జూలై 6

ఆదివారం. షాపు సెలవైనా వచ్చి కూర్చున్నాను, ఇంట్లో అంట్లున్నాయి. తలుపు దగ్గర చెల్లి! చంకలో ఒక పొట్లం.

“కోటు కుట్టించుకోవాలి. కొలతలు తీసుకోండి” అంది. అండీ అంది నన్ను.

బూడిదరంగు గుడ్డ, కొత్తది, తాను నుంచి కోయించి తెచ్చుకుంది. ముక్కల సంచీలోది కాదు. ఎవరు కుడతారే అన్నాను. బోర్డు చూపించింది. “అక్క టైలర్స్ అనుంది. అక్కే కుట్టాలి.”

ఇన్నేళ్ళలో దాని కొలతలు తీసుకోవడం ఇదే మొదలు. కొత్త కొలతల పుస్తకం ఇంట్లో ఉండిపోయింది. ఇందులోనే రాస్తున్నాను.

భుజం పద్నాలుగున్నర. ఛాతీ ముప్పై ఆరు. నడుము ముప్పై రెండు. చెయ్యి పొడవు ఇరవై రెండు. ఎడమదీ కుడిదీ రెండూ కొలిచాను.

కంటితో చూసి చెప్పేస్తానని గొప్పలు పోయేదాన్ని. దాని భుజం పదిహేనున్నర అనుకున్నాను. పక్కనుండి రోజూ చూస్తూ కూడా ఒక అంగుళం ఎక్కువే అనుకున్నాను.

కొత్త షాపు ఎలా ఉందే అంటే, బాగుంది, అందరూ పేరు పెట్టి పిలుస్తారు అంది. మూడు నెలలు చేస్తానని మాటిచ్చిందట. తర్వాత సంగతి తర్వాత అంది. వచ్చే ఆదివారం నాటికి కావాలి అని రసీదు రాయించుకుని మరీ వెళ్ళింది.

జూలై 8

చేతులు కోశాను. మడత పెట్టే కోశాను. కోశాక ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. ఎడమ, కుడి. మళ్ళీ చూశాను. మా ఆయన్ని పిలిచి చూపించాను. బాబాయికి చూపించాను. బాబాయి రెండిట్లోకీ చేతులు దూర్చి, ఊపి చూపించాడు.

జూలై 10

మెషిన్ నన్ను చూసి నవ్వుతోంది. గుడ్డ ఒకవైపు పోతుంటే నేను ఇంకోవైపు పోతున్నాను. కాలర్ నాలుగుసార్లు విప్పాను. రోజుకి ఆరు! అది రోజుకి ఆరు ఎలా కుట్టిందో, అదీ నా వాగుడు వింటూ.

జూలై 11

సూది వేలికి దిగింది. ఏడిస్తే ఊడిపోతుందని ఏడవలేదు.

జూలై 13

వచ్చింది.

కోటు అందుకుని వెలుతురు దగ్గరికి వెళ్ళింది. ముందు చేతులు రెండూ బయటికి లాగి, పక్కపక్కన పెట్టి చూసింది. బాబాయి సెలవైనా చూద్దామని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా ఆయన కూడా వచ్చారు, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు.

“ఒకటి ఎడమ, ఒకటి కుడి. జబ్బు తగ్గినట్టుందే నీకు” అంది.

తర్వాత కాలర్ చూసింది. పాము పోయిన దారిలా ఉంది ఆ కుట్టు. పెదవి కొరుక్కుంది. ఇప్పుడు విప్పుతుంది, తన మెషిన్ ముందు కూర్చుని పది నిమిషాల్లో సరిచేసి నా మొహాన కొడుతుంది అనుకున్నాను. విప్పలేదు. కాలర్ లోపలికి తిప్పి వెతికింది.

“లేబుల్ ఏది?”

వెయ్యలేదే అన్నాను. నీ కోటు మీద కూడా నా పేరెందుకని. ఇది అనాలని వారం నుంచీ సాధన చేస్తున్నాను.

“వెయ్యి” అంది. “కుట్టు ఇంత వంకరగా ఉంటే ఎవరు కుట్టారో జనానికి తెలియొద్దూ? నేను కుట్టాననుకుంటారు.”

బాబాయి ముందు నవ్వాడు. తర్వాత మా ఆయన. చెల్లి నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది, దాని భుజాలు ఊగిపోతున్నాయి. పద్నాలుగున్నర అంగుళాల భుజాలు. నేను డ్రాయర్లోంచి లేబుల్ తీసి, వాళ్ళ ముగ్గురి ముందు కూర్చుని, చేత్తోనే కుట్టాను. నాలుగు మూలలు కుట్టడానికి పావుగంట పట్టింది. మొదటిసారి తలకిందులుగా వేశాను. చెల్లి విప్పి ఇచ్చింది. మళ్ళీ కుట్టాను.

అది తొడుక్కుని అద్దంలో ముందూ వెనకా చూసుకుంది. చెయ్యి పైకెత్తి చూసింది. చంక పట్టేస్తోంది అంది. పట్టేస్తుంది, అతుకు లేదు కదా అన్నాను. ఆ కోటుతోనే వీధిలోకి నడిచి వెళ్ళింది, ఎండలో.

రేపు ఆ కోటు వేసుకునే పనికి వెళ్తుందట. ముప్పైమంది టైలర్లు. ఒక్కొక్కళ్ళూ ఆ వంకర కాలర్ చూస్తారు, ఎవరమ్మా ఇది కుట్టింది అని అడుగుతారు, అది కాలర్ తిప్పి నా పేరు చూపిస్తుంది. ముప్పైమందీ! ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఇది గ్రూపులో పెట్టడం లేదు. ఇక్కడే రాసుకుంటున్నాను, దాని కొలతల పక్కన.